పళ్ళక్క రెండో రిపోర్టు

ఆ వీధిలో పళ్ళక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఆమె డాక్టరు కాదు, డాక్టరు దగ్గర నర్సూ కాదు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో టెక్నీషియన్. పళ్ళ డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చులు తీసి పంపితే, ఆ అచ్చుల్ని బట్టి ఎవరి నోటికి తగ్గ సెట్టు వాళ్ళకి చేసి పంపడం ఆమె పని. ఈ తేడా వీధివాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. పన్ను సలుపు పుట్టగానే దవడ పట్టుకుని తిన్నగా ఆమె గుమ్మంలోకి వచ్చేసేవాళ్ళు.

"నేను పళ్ళన్నీ ఊడాక పనికొచ్చే మనిషిని. మీకింకా ఆ అదృష్టం పట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అని నవ్వుతూ సాగనంపేది.

ఈ పని ఆమెకి అబ్బడం కూడా అనుకోకుండానే జరిగింది. చదువు ముగించి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో తండ్రికి కట్టుడు పళ్ళు పెట్టించారు. ఆయన నోరు తెరిస్తే చాలు, మాటకంటే ముందు పళ్ళు టకటకమనేవి. విసిగిపోయి వాటిని చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. సరిచేయించుకోమని డాక్టరు ల్యాబ్‌కి పంపితే కూతురు తోడు వెళ్ళింది. ఇరుకు మెట్లెక్కితే మేడ మీద రెండు గదులు. ఒక గదినిండా తెల్లని ప్లాస్టర్ దుమ్ము, రెండో గదిలో కరిగిన మైనం వాసన. కిటికీ దగ్గర బల్ల ముందు ఒక మాస్టారు కూర్చుని, పై దవడనీ కింది దవడనీ ఇత్తడి చట్రంలో బిగించి, నోరు నమిలినట్టే వాటిని ఆడిస్తూ ఎక్కడ తగులుతోందో చూస్తున్నాడు. తండ్రి పని పది నిమిషాల్లో అయిపోయింది. కూతురు మాత్రం అక్కడినుంచి కదల్లేదు.

"ఏమ్మాయ్, నీక్కూడా పళ్ళు కావాలా?" అన్నాడాయన.

"కాదండీ. ఈ పని కావాలి" అందామె. అలా ఎలా అనేసిందో ఆమెకే తెలియదు.

మాస్టారు ఆమె చేతుల వంక చూశాడు. రేపు రమ్మన్నాడు. మొదటి ఏడాదంతా ప్లాస్టర్ కలపడం, అచ్చులు పోయడం, అంచులు చెక్కడం తప్ప ఇంకో పని ముట్టనివ్వలేదు. రెండో ఏడు మైనం ముట్టనిచ్చాడు. సాయంత్రాలు టెక్నీషియన్ కోర్సుకి పంపాడు. కొన్నాళ్ళకి పూర్తి సెట్టు మొదటినుంచి చివరిదాకా ఆమె చేతికే వదిలేశాడు. ఆ తర్వాత పెళ్ళయింది. సిటీ బస్సు డ్రైవరు భర్త. పెళ్ళైన కొద్దికాలానికి ఊళ్ళోకి పెద్ద ల్యాబ్ ఒకటి వచ్చింది, మంచి జీతమిస్తామంది. వెళ్తున్నానని మాస్టారికి చెప్పడానికి వెళ్తే ఆయన బల్ల వైపు తిరిగి కూర్చుని, "మంచిది, వెళ్ళు" అన్నాడే తప్ప ముఖం ఇటు తిప్పలేదు. ఆమె ఆ వీపుకి దణ్ణం పెట్టి మెట్లు దిగింది. మధ్యలో కూతురు పుట్టింది, ఏడాది పైచిలుకు ఇంట్లోనే ఉండి, మళ్ళీ పెద్ద ల్యాబ్‌లోనే చేరింది. మాస్టారి మేడ మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. ముఖం చెల్లలేదు.

పెద్ద ల్యాబ్‌లో మెషీన్లు ఒకదాని వెనక ఒకటి దిగసాగాయి. చేత్తో చేసే పూర్తి సెట్లు నెలనెలా తగ్గుతున్నాయి. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఎవరో ఫోన్‌లో ఒక జాబితా చూపించారు. దూరదేశం ఒకటి, తమకి కావాల్సిన నిపుణుల పేరుతో పెట్టిన జాబితా అది. ఇంజినీర్లూ నర్సులూ వంటవాళ్ళూ, వాళ్ళ మధ్యలో కట్టుడు పళ్ళ టెక్నీషియన్ అని ఒక వరస. ఆ దేశం పేరు ఆమె అంతకుముందు తుఫాను వార్తల్లో తప్ప విన్నది లేదు. అయినా ఆ వరస చూసి ఒళ్ళు పులకరించింది. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని తన పనిని గుర్తుపెట్టుకున్నారు!

ఇంట్లో చెప్తే భర్త అన్నం కలుపుతూ, "నీకు వెళ్ళాలనుందా?" అని అడిగాడు.

"ఉంది."

"అయితే చూద్దాం" అన్నాడు. ఆయన మాటలన్నీ బస్సు స్టాపుల్లాంటివి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య బోలెడు దూరం ఉంటుంది.

మాటల కొరత తీర్చడానికి మరిది ఉన్నాడు. వీధి మలుపులో జిరాక్స్ షాపు అతనిది. పాస్‌పోర్టు నుంచి పరీక్షల హాల్ టికెట్ దాకా వీధిలో అందరి ఆన్‌లైన్ అప్లికేషన్లూ అతని చేతిమీదుగానే వెళ్తాయి. మంచివాడు, పరోపకారి. రాదు, తెలియదు అనే రెండు మాటలు మాత్రం అతని నోట ఎవరూ వినలేదు.

"వదినా, ముందు నీకు ఆ పని వచ్చని అక్కడి వాళ్ళు ఒప్పుకోవాలి. దానికొక రిపోర్టు పెట్టాలి. నువ్వెక్కడెక్కడ చేశావు, ఏమేం చేశావు, అన్నీ అందులో రాయాలి. నువ్వేం బెంగ పెట్టుకోకు. పాసైన రిపోర్టే నా దగ్గరుంది" అన్నాడు.

పాసైన రిపోర్టంటే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిది. ఇంటర్నెట్‌లో దొరికింది. మరిది అందులో పేర్లు మార్చి, ఊళ్ళు మార్చి, రెండ్రోజుల్లో అచ్చు తీసి తెచ్చాడు. పళ్ళక్క షాపులో స్టూలు మీద కూర్చుని కూడబలుక్కుంటూ చదివింది.

"ఇందులో నేను మెషీన్ మీద పింగాణీ తొడుగులు చేశానని ఉందే. నేనెప్పుడూ చెయ్యలేదు."

"చూశావుగా?"

"పక్క సెక్షన్‌లో చేస్తుంటే చూశాను."

"చూస్తే వచ్చినట్టే."

"నా కింద పన్నెండుమంది పనిచేశారని ఉంది."

"ఆ మాత్రం లేకపోతే ఎవరు ఖాతరు చేస్తారొదినా?"

మాస్టారి ల్యాబ్ ప్రస్తావనే లేదు. అక్కడ పనిచేసినట్టు లెటర్ తేవడానికి ఆమెకి ముఖం లేదు గనక, ఆ ఏళ్ళనీ బిడ్డ కోసం ఇంట్లో ఉన్న కాలాన్నీ పెద్ద ల్యాబ్ ఖాతాలోనే కలిపేశాడు. "మధ్యలో ఖాళీ కనిపిస్తే అనుమానిస్తారు" అన్నాడు. ఆమెకి లోపల ఏదో గీరుతున్నట్టే ఉంది. సరిగ్గా కుదరని సెట్టు చిగురుకి ఒరుసుకుంటే ఎలా ఉంటుందో అలా. కానీ అంత ఇంగ్లీషు చూసేసరికి అడిగే ధైర్యం చాల్లేదు. సంతకం పెట్టింది.

కొన్ని నెలల తర్వాత, బల్ల దగ్గర మైనం కరిగిస్తుండగా ఫోన్ మోగింది. మెయిల్ వచ్చింది. ఎవరూ కోప్పడలేదు అందులో, చాలా మర్యాదగా రాశారు. మీ రిపోర్టులో చాలా భాగం మాకు ఇదివరకే అందిన వేరొకరి రిపోర్టుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతోంది. మీరు చేరినట్టు రాసిన తేదీకీ, మీ యజమాని లెటర్‌లోని తేదీకీ ఏళ్ళ తేడా ఉంది. మీరు చేసినట్టు చెప్పిన పింగాణీ పనికి ఆధారం లేదు. కాబట్టి మీ నైపుణ్యాన్ని ధ్రువీకరించలేకపోతున్నాం. మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ ఈ తప్పులు ఎలా జరిగాయో వివరణ జతచేయాలి.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఎవరో నలుగురిలో నిలబెట్టి దొంగా అన్నట్టు చెవులు వేడెక్కాయి. చేతిలో మైనం గడ్డకట్టేదాకా అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఆ మెయిల్ చదివి మరిది నీళ్ళు నమిలాడు. "వాళ్ళ కంప్యూటర్లు మరీ చాదస్తం వదినా" అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి సగంలో ఆపేశాడు. గోడకి ఆనుకుని కాళ్ళ వంక చూసుకున్నాడు. "నా వల్లే" అన్నాడు చివరికి.

"సంతకం నాది. చదివే పెట్టాను" అంది పళ్ళక్క. కోపం వచ్చినా బావుండేది, అదీ రావడం లేదు. "ఇంక వదిలేద్దాం. నాకు రాసిపెట్టి లేదు."

భర్త యూనిఫాం చొక్కా గుండీలు తీస్తూ ఇద్దరి మాటలూ విన్నాడు. "నీకు పని రాదన్నారా?" అని అడిగాడు.

"లేదు. రిపోర్టు నాది కాదన్నారు."

"నిజమేగా."

"నిజమే."

"అయితే నీది రాయి" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆమెలో మెల్లగా పనిచేసింది. వారం రోజులు దాని ఊసెత్తలేదు. ఆ వారంలో చేసిన ప్రతి సెట్టూ చేస్తున్నప్పుడు మాత్రం, ఇప్పుడు నేనేం చేస్తున్నాను, దీన్ని ఎవరికైనా చెప్పాలంటే ఎలా చెప్తాను అని తనలో తాను అనుకుంటూనే ఉంది. ఆదివారం పొద్దున్నే మరిది తనంతట తనే ఆమె దగ్గరికి వచ్చాడు. చేతిలో కాగితాల బొత్తి.

"వదినా, సిగ్గుపడాల్సిన మాట ఒకటి చెప్పాలి. రిపోర్టు ఎలా రాయాలో వాళ్ళే సూచనలు పెట్టారు. మొదటిసారి నేనవి చదవనే లేదు. ఇప్పుడు రెండుసార్లు చదివాను."

"ఏముంది వాటిలో?"

"మనం చేసినవన్నీ ఉన్నాయి, చెయ్యకూడనివి అని."

ఆ మెయిల్ వచ్చాక పళ్ళక్కకి మొదటిసారి నవ్వొచ్చింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు ఒక పక్కకి నెట్టి ఇద్దరూ కుర్చీలు వేసుకున్నారు. కూతురు మధ్యలో చాప మీద బొమ్మలు గీసుకుంటోంది.

"ఇంగ్లీషు సంగతి తర్వాత. ముందు నోటితో చెప్పు. ల్యాబ్‌లో ఏం చేస్తావు?"

"కట్టుడు పళ్ళు తయారుచేస్తాం."

"చేస్తాం అంటే? ఎవరెవరు?"

"మేమే. అచ్చు పోసేవాళ్ళు, నేను, పాలిష్ పట్టేవాళ్ళు..."

"అందులో నువ్వు చేసేది ఏది? ఇక్కడ చూడు, అడుగడుగునా రాశారు. మేము అని రాయొద్దట. నువ్వు చేసింది నువ్వు చేసినట్టు చెప్పాలట."

ఆమెకి అది మింగుడుపడలేదు. "నేను నేను అంటుంటే గొప్పలు పోయినట్టు ఉండదూ?"

"పన్నెండుమంది నీ కింద పనిచేశారని రాసినప్పుడు గొప్పగా లేదా?"

"అది నువ్వు రాశావు" అందామె. ఇద్దరూ నవ్వేశారు.

తర్వాత మాట దొరికింది. అచ్చు రాగానే నేను చేతిలోకి తీసుకుని అంచులు చూస్తాను. గాలి బుడగలుంటే తిప్పి పంపేస్తాను. మైనంతో చిగురు కడతాను. ఆ చిగురులో పళ్ళు ఒక్కొక్కటే పేరుస్తాను. ముందు పళ్ళు ముఖాన్ని బట్టి, వెనక పళ్ళు నమలడాన్ని బట్టి. చట్రంలో ఆడించి, ఎక్కడ ముందు తగులుతోందో చూసి అరగదీస్తాను. మైనం తీసేసి, ఆ చోట చిగురుకి గులాబీరంగు ప్లాస్టిక్ పిండి నింపి ఉడికిస్తాను. చెప్తుంటే ఆమె వేళ్ళు గాలిలో ఆ పనే చేస్తున్నాయి. మరిది రాసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూశాడు. పదేళ్ళుగా ఒకే ఇంట్లో అన్నం తింటూ ఈ మనిషి పగలంతా ఏం చేస్తుందో తనెప్పుడూ అడగలేదని అతనికి అప్పుడు తట్టింది.

"బాగా చేస్తాను, నాణ్యంగా చేస్తాను అని రాస్తే చాలదట. ఎప్పుడైనా చిక్కొస్తే ఎలా విప్పావో ఒకటి చెప్పమంటున్నారు."

ఆమె ఆలోచించింది. ఒక పెద్దావిడ సెట్టు మూడుసార్లు వెనక్కొచ్చిన సంగతి గుర్తొచ్చింది. నోట్లో నిలవడం లేదని డాక్టరు ఫిర్యాదు. మూడోసారి పళ్ళక్క పాత అచ్చునీ కొత్త అచ్చునీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆవిడ దవడ ఒక వైపు బాగా అరిగిపోయి ఉంది, పై దవడా కింది దవడా ఎలా కలుస్తాయో చూసే కొరుకు కొలత తీసేటప్పుడు ఆ వైపుకి జారిపోతోంది. డాక్టరుకి ఫోన్ చేసి, మళ్ళీ కొలత తీయగలరా అని అడిగింది. ఆయన సరేనని తీసి పంపాడు. ఆమె ఆ వైపు పళ్ళని కాస్త లోపలికి జరిపి పేర్చింది. సెట్టు నిలిచింది.

"ఇదీ! ఇది కదా రిపోర్టంటే!" అని మరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చాప మీద పిల్ల ఉలిక్కిపడింది.

రాయడం కొలిక్కి వస్తున్నా, మొదటి ల్యాబ్ లెటర్ లేకుండా లెక్క తేలదు. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పేది కాదు. ఒక శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి, పళ్ళక్క ఆ ఇరుకు మెట్లెక్కింది.

రెండు గదుల్లో ఇప్పుడు ఒకటే మిగిలింది. రెండోది ఎవరో దర్జీకి అద్దెకిచ్చినట్టున్నారు, కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. మాస్టారు ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. విరిగిన సెట్టు ఒకటి అతికిస్తున్నాడు, వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి.

"ఎవరదీ?"

"నేను మాస్టారూ."

ఆయన అతికిస్తున్నది బల్ల మీద పెట్టాడు. ఈసారి ముఖం ఇటు తిప్పే చూశాడు. "దారి తప్పావా?" అన్నాడు.

అటూ ఇటూ తిప్పి చెప్పడం ఆమెకి చేతకాలేదు. వచ్చిన పని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొదటి రిపోర్టు సంగతీ, అది తిరిగొచ్చిన సంగతీ, అందులో ఈ ల్యాబ్ పేరే లేకుండా చేసిన సంగతీ, ఏదీ దాచలేదు.

"అయితే నీకు కావాల్సింది కాగితం" అన్నాడాయన.

"ఆ కాగితమే లేకపోతే ఎప్పటికీ వచ్చేదాన్ని కాదేమో మాస్టారూ. రావాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ముఖం చెల్లలేదు."

కుట్టుమిషను ఆగి మళ్ళీ మొదలైంది.

"వెళ్తున్నానని చెప్పావు. నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్ళొచ్చు కదా?"

"మీరు అటు తిరిగి కూర్చున్నారు."

"అయితే? వీపుకి చెప్పినా వినేవాణ్ణే" అన్నాడు మాస్టారు. అంటూనే ఆయనకే నవ్వు ఆగలేదు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అప్పట్లో తను కూర్చునే స్టూలు కోసం చూసి, అది లేకపోతే ప్లాస్టర్ డబ్బా మీద కూర్చుంది.

టీ తెప్పించాడు. కాగితం తీసి ఉత్సాహంగా రాయడం మొదలుపెట్టాడు. రాసింది చదివి వినిపించాడు కూడా. "ఈమె మా ల్యాబ్‌లో చీఫ్ టెక్నీషియన్‌గా పనిచేశారు. ల్యాబ్ మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపించారు. ఎందరో డాక్టర్లకి మార్గదర్శకులుగా..."

"మాస్టారూ!" అని ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది. "అప్పుడు ఇక్కడ ఉన్నది మనిద్దరమే. నేను చీఫ్ అయితే మీరెవరు?"

"నేను ఓనర్ని."

"టెక్నీషియన్ అని రాయండి చాలు. మొదటి ఏడాది శిక్షణ అని రాయండి. ప్లాస్టర్ తప్ప ఏం ముట్టనిచ్చారు మీరు?"

"అది కూడా రాయాలా? నీకు మంచి జరగాలనే కదా నేను..."

"తెలుసు. పోయినసారి మా మరిదీ నాకు మంచి జరగాలనే రాశాడు."

మాస్టారు కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూశాడు. "ప్రమోషన్ అడిగేవాళ్ళని జీవితంలో చాలామందిని చూశానే గానీ, ఎదురొచ్చి డిమోషన్ అడిగేదాన్ని నిన్నే చూశాను."

కానీ ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. ఏ పని ఎప్పటినుంచి చెయ్యనిచ్చాడో, ఏది ఆయన చేసేవాడో, ఏది ఆమెకి వదిలేశాడో, ఇద్దరూ గుర్తు చేసుకుంటూ రాశారు. పాత జీతం రసీదులు చూసి చేరిన తేదీ, మానేసిన తేదీ సరిచూసుకున్నారు. ఒకచోట ఆమె తనకి తాను తక్కువ చేసుకోబోతే మాస్టారు ఒప్పుకోలేదు. "ఆఖరి రెండేళ్ళూ పూర్తి సెట్లు నీవే. నేను చూసి పంపేవాణ్ణి, అంతే. అది అలాగే ఉండాలి. ఎక్కువ రాస్తే అబద్ధమైతే తక్కువ రాస్తే ఏమవుతుంది?" అన్నాడు గట్టిగా. ఆమె అది అలాగే రాయనిచ్చింది. దిగేటప్పుడు ఆయన మెట్ల దాకా వచ్చాడు.

పెద్ద ల్యాబ్ మేనేజరు మాత్రం పైకి చూడకుండానే ఒక లైను లెటర్ చేతిలో పెట్టాడు. ఫలానా తేదీనుంచి మా దగ్గర పనిచేస్తున్నారు, ప్రవర్తన మంచిది. ప్రవర్తనతో పళ్ళు తయారవవు కదండీ, నేను చేసే పనులు కూడా అందులో ఉండాలి అని ఆమె నెమ్మదిగా అడిగింది. ఆయనకి తీరిక లేదు, నువ్వే రాసుకురా సంతకం పెడతానన్నాడు. ఎంత రాసినా పెట్టేసేలాగే ఉన్నాడు. ఆమె మాత్రం తన బల్ల మీద జరిగేదే రాసింది. పింగాణీ మాట ఎక్కడా రానివ్వలేదు. కాన్పుకి మానేసిన తేదీ, మళ్ళీ చేరిన తేదీ వేసి, మధ్య కాలానికి పాపని చూసుకుంటూ ఇంట్లో ఉన్నారు అని ఒక వాక్యం పెట్టింది. రాశాక చూసుకుంటే ఆ వాక్యం ఎంత మామూలుగా ఉందంటే, దాన్ని దాచడానికి అంత తంటాలు ఎందుకు పడ్డామా అనిపించింది.

మరిది ఇప్పుడు పూర్తిగా కొత్త మనిషి. ఒకప్పుడు తేదీలదేముంది అన్నవాడే లెటర్లూ, జీతం స్లిప్పులూ, రిపోర్టూ నేలమీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో తేదీ సరిపోల్చాడు. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుందనీ, పాస్‌పోర్టులో వెనకుందనీ పట్టుకున్నాడు. రెండూ ఒకరివేనని నోటరీ చేయిస్తే గానీ అన్నం తినలేదు. షాపుకొచ్చిన వాళ్ళని కూడా వదలడం లేదట. కరెంటు కనెక్షన్ కోసం వచ్చిన ఆయన్ని సూచనలన్నీ చదివారా అని నిలదీసి ఇంటికి పంపేశాడని వీధిలో చెప్పుకున్నారు.

వివరణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బతిమాలాడు. "నా పేరు రాసెయ్ వదినా. మా మరిది చేశాడు, నాకు తెలియదు అని రాయి."

"నాకు తెలుసుగా" అంది పళ్ళక్క. తనే రాసింది, మరిది ఇంగ్లీషు చేశాడు. మొదటి రిపోర్టులో ఎక్కువ భాగం నా మాటలు కావు. నేను చేయని పనులు అందులో ఉన్నాయి. చదివి కూడా సంతకం పెట్టాను, అది నా తప్పు. ఇప్పుడు పంపుతున్నది నేను చేసిన పని. అంతే. సాకులేవీ లేవు, క్షమించమని కాళ్ళు పట్టుకోవడాలూ లేవు.

పంపేశాక ఎదురుచూపులు. ఆ మధ్య ఒకరోజు మాస్టారు ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"అమ్మాయ్, వాళ్ళ ఆఫీసునుంచి ఒకావిడ మాట్లాడింది. నువ్వెప్పుడు చేరావు, ఏం చేశావు అని ఆరా తీసింది. ఉన్నదంతా చెప్పాను. చివర్లో మీ దగ్గర పింగాణీ పని చేసేదా అంది. లేదమ్మా, మాకసలు పింగాణీ కాల్చే పొయ్యే లేదు అన్నాను. ఫోన్ పెట్టేశాక భయమేసింది. అనకూడని మాటేమన్నా అన్నానా?"

"లేదు మాస్టారూ. మీరు సరిగ్గానే చెప్పారు."

"బతికించావు. నాకప్పటినుంచి ముద్ద దిగలేదు."

ఫలితం వచ్చిన రోజు ఆమె ల్యాబ్‌లో ఎప్రన్ కూడా విప్పకుండా ఆ మెయిల్ మూడుసార్లు చదివింది. ధ్రువీకరించారు. మాస్టారి దగ్గర శిక్షణ ఏడాదిని అనుభవంలో లెక్కించలేదు, ఇంట్లో ఉన్న కాలం ఎలాగూ లెక్కలో లేదు. మిగతాదంతా ఒప్పుకున్నారు. మీరు ఇచ్చిన వివరణ గమనించాం అని ఒక వాక్యం. పెద్దావిడ సెట్టు గురించి రాసిన భాగం స్పష్టంగా ఉందని ఇంకొక వాక్యం. మొదట మరిదికి ఫోన్ చేస్తే అవతల షాపులో ఏదో కిందపడి పగిలిన చప్పుడు, వెనకే కేక వినిపించాయి. మాస్టారు విని ముక్కు చీదుకున్నాడు.

ఇది మొదటి గడపే. ఇంకా వీసా ఉంది, అక్కడ ఉద్యోగం చూసుకోవడం ఉంది. రెండు నెలలకి ఆ దేశంలో చిన్న ల్యాబ్ ఒకటి వీడియో కాల్‌లో మాట్లాడింది. చేత్తో పూర్తి సెట్లు చేసేవాళ్ళు తమకి దొరకడం లేదనీ, వీసా రాగానే తెలియజేయమనీ అన్నారు. అంత దూరాన్నుంచి తనని రమ్మంటున్నారంటే ఆమెకి ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం భర్తకి డ్యూటీ ఉంది. ఎప్పుడూ లేనిది, పాపని తీసుకుని నా బస్సెక్కు అన్నాడు. చివరి స్టాపు ఊరి అవతల ఉంది. అక్కడికి చేరేసరికి బస్సు ఖాళీ అయింది. తిరిగి బయల్దేరడానికి ఇంకా టైముంది. పాప కిటికీ పక్క సీటులో నిద్రపోయింది. ఆయన ఇంజను ఆపి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకు భయంగా ఉంది" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఆమె వినలేదు. "దేనికి?"

"అక్కడ నేనేం చేస్తానో తెలియదు. ఇక్కడ ప్రతి గుంతా తెలుసు నాకు. అక్కడ రోడ్డుకి ఏ పక్క నడపాలో కూడా తెలియదు."

"మరి మొదటినుంచీ చూద్దాం చూద్దాం అన్నారు. ఒక్కసారైనా చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఆగిపోతావని."

పళ్ళక్క ఆయన చెయ్యి పట్టుకుంది. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి. "నాకూ భయమే. ఆ ల్యాబ్‌వాళ్ళు మాట్లాడిన ఇంగ్లీషులో సగం అర్థం కాలేదు నాకు. నవ్వి తలూపాను."

"నిజంగానా?"

"ఒట్టు. రేపట్నుంచి నేర్చుకోవాలి."

"నేనూ నేర్చుకుంటాను. ముందు కొన్నాళ్ళు పాప స్కూలు, ఇల్లు నేను చూసుకుంటా. నువ్వు కుదురుకో. తర్వాత లైసెన్సుకి కూర్చుంటా" అన్నాడు. ఒక్క గుక్కలో అన్ని మాటలు ఆయన ఎప్పుడూ అనలేదు. చాలా రోజులుగా లోపలే కూడబెట్టుకున్నట్టున్నాడు.

టైమైంది. ఆయన లేచి సీటులో కూర్చుని ఇంజను వేశాడు. స్టాపులో ఇద్దరు ముగ్గురు ఎక్కారు. ఆమె పాప తలని ఒళ్ళోకి సర్దుకుని ఆయన వెనక సీటులోకి మారింది, దారిలో మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుందని.